ఆకు మీద నాలుగు మిల్లీమీటర్ల నల్లి: ఫోటో చూసి పోల్చుకోవడం ఎలా

చిక్కుడు ఆకు మీద ఏదో చిన్న పురుగు కదిలింది. ఫోన్ దగ్గర పెట్టి నాలుగు ఫోటోలు తీశారు. తర్వాత తీరిగ్గా పెద్దది చేసి చూస్తే ఆకుపచ్చటి మసక, దానికి ఆరు కాళ్ళు, రెండు పొడవాటి మీసాలు. ఇది ఏమిటి? మొక్కకు చేటు చేసేదా, మేలు చేసేదా? ఇలాంటి ఫోటోలు చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. అడిగినవాళ్ళంతా ముందు రంగు చెబుతారు. నేను ముందు రెక్క చూస్తాను. ఎందుకో వరుసగా చెబుతాను.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా మిరిడ్ నల్లుల గురించి. నల్లుల్లో అన్నిటికంటే పెద్ద కుటుంబం ఇదే. ఇప్పటిదాకా పేరు పెట్టిన జాతులే 11,000కు పైగా ఉన్నాయి. 2 మిల్లీమీటర్లవీ ఉన్నాయి, 12 మిల్లీమీటర్లు దాటేవీ ఉన్నాయి కానీ, తోటల్లో, చేలల్లో మనకు తగిలేవి ఎక్కువగా 3 నుంచి 6 మధ్య ఉంటాయి. ఒంటి మీద పెద్ద గుర్తులేవీ లేకుండా, పచ్చగానో గోధుమరంగులోనో ఉండి, పట్టుకోబోతే ఆకు కిందికి జారుకునే చిన్న నల్లి అయితే, ముందుగా అనుమానించాల్సింది ఈ కుటుంబాన్నే.

ముందు పేర్ల చిక్కు తీసేసుకోండి

తెలుగులో ‘నల్లి’ అనే మాట చాలా వాటికి వాడతాం. మంచం నల్లి నిజంగా నల్లే, మిరిడ్లకు దగ్గరి చుట్టం కూడా. పిండినల్లి అదే పెద్ద వర్గంలోనిదైనా వేరే కొమ్మకు చెందింది. మిరప, వంగ ఆకుల అడుగున సన్నటి గూడు అల్లే ఎర్రనల్లి అసలు కీటకమే కాదు, దానికి ఎనిమిది కాళ్ళు. ‘దోమ’తో కూడా ఇదే గొడవ. తెల్లదోమ, పచ్చదోమ, సుడిదోమ, వీటిలో ఏదీ దోమ కాదు. జీడిమామిడి, తేయాకు తోటల్లో లేత చిగుళ్ళను మాడ్చేసే టీ దోమ అయితే అచ్చమైన మిరిడ్ నల్లి. అందుకే ఎవరైనా ‘నల్లి పట్టింది’ అని ఫోటో పంపితే ఆ మాటను పక్కన పెట్టి, కాళ్ళు లెక్కపెట్టడంతో మొదలుపెట్టండి.

ఫోటో తీసేటప్పుడే సగం పని

పురుగు ఇంకా ఆకు మీదే ఉంటే మీకు కావలసినవి మూడు ఫోటోలు. ఒకటి సరిగ్గా పైనుంచి, వీపు అంతా కనిపించేలా. రెండోది పక్కనుంచి. మూడోది అది కూర్చున్న ఆకు, కొమ్మ, వీలైతే పువ్వు కాయతో సహా మొక్క గుర్తుపట్టేలా. ఈ మూడింటిలో ఒక్కటే దక్కేటట్టుంటే పైనుంచి తీసింది ఎంచుకోండి.

ఫోన్‌ను మరీ దగ్గరకు నెట్టకండి. ఒక దూరం దాటి దగ్గరకు వెళితే ఫోకస్ కుదరదు. కాస్త వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ చేసి తీసి, తర్వాత కత్తిరించుకుంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది. క్లిప్‌లా తగిలించే మాక్రో లెన్స్ ఉంటే ఇంకా మేలు. కాకపోతే దానితో ఒక ఇబ్బంది ఉంది: స్పష్టంగా కనిపించే లోతు చాలా తక్కువ. తల తేటగా వస్తే తోక మసకబారుతుంది. ఫోన్ వెనక భాగం పురుగు వీపుకు సమాంతరంగా ఉండేలా పట్టుకోండి, ఊపిరి బిగబట్టి వరుసగా పది పన్నెండు తీయండి. అందులో ఒకటి పనికొస్తే చాలు.

ఫ్లాష్ నేరుగా కొట్టకండి. మిరిడ్లలో చాలావాటి వీపు నున్నగా మెరుస్తుంది. ఆ మెరుపు ఫోటోలో తెల్లమచ్చలా పడుతుంది. ఫ్లాష్ ముందు పల్చటి తెల్ల కాగితం అడ్డం పెడితే వెలుగు మెత్తబడుతుంది. ఎండలో అయితే అరచేయి అడ్డుపెట్టి నీడ చేసినా సరిపోతుంది.

పరిమాణం మాటకొస్తే, ‘చాలా చిన్నది’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అది ఎగిరిపోయాక అయినా సరే, అదే ఆకు మీద అదే చోట ఒక స్కేలు పెట్టి, అదే దూరం నుంచి ఇంకో ఫోటో తీసుకోండి. పట్టుకోగలిగితే గ్రాఫ్ కాగితం మీద ఉంచండి, చిన్న గడి సరిగ్గా ఒక మిల్లీమీటరు. మూత ఉన్న చిన్న సీసాలో పెట్టి ఐదు పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే నల్లి చల్లబడి కాసేపు కదలదు. బయటికి తీశాక మళ్ళీ కోలుకునేలోపు తీరిగ్గా కొలవచ్చు. కొలిచేటప్పుడు తల ముందు అంచు నుంచి రెక్క చివరి దాకా కొలవండి, మీసాలు కలపకండి.

ఇది నల్లేనా?

ఇప్పుడు ఫోటో తెర మీద ఉంది. మొదటి ప్రశ్న: ముందు రెక్కలు ఎలా ఉన్నాయి? నల్లుల ముందు రెక్క రెండు రకాల బట్ట కలిపి కుట్టినట్టు ఉంటుంది. తల వైపు భాగం తోలులా మందంగా, తోక వైపు భాగం పల్చటి పొరలా. రెండు రెక్కల పొరలు ఒకదాని మీద ఒకటి మడిచి పడుకోవడం వల్ల వీపు మీద ‘X’ ఆకారం వస్తుంది. భుజాల మధ్య ఒక త్రికోణం కనిపిస్తుంది, దాన్ని స్క్యుటెల్లమ్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

రెక్కలు వీపు మధ్యలో నిట్టనిలువుగా ఒకే గీత దగ్గర కలిస్తే అది పెంకు పురుగు. రెక్కలు ఇంటి కప్పులా రెండు వైపులా వాలి ఉండి, మీసాలు వెంట్రుకలంత సన్నగా పొట్టిగా ఉంటే అది పచ్చదోమ కావచ్చు. వెనక కాలి మీద వరుసగా ముళ్ళు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పేనుబంక అయితే తోక దగ్గర రెండు చిన్న గొట్టాలు పొడుచుకొచ్చి ఉంటాయి.

పక్కనుంచి తీసిన ఫోటోలో మూతి చూడండి. నల్లికి నమిలే దవడలు ఉండవు. తల కింద నుంచి కాళ్ళ మధ్యకు మడిచిపెట్టుకున్న సన్నటి సూది లాంటి ముక్కు ఉంటుంది. చీమల్లా కనిపించే మిరిడ్లు కొన్ని ఉన్నాయి, వాటి పిల్లలైతే మరీ మోసం చేస్తాయి. అక్కడ ఈ సూది ముక్కే ఆధారం. చీమ మీసం మోచేయిలా మడిచి ఉంటుంది, నల్లి మీసానికి ఆ మోచేయి ఉండదు.

రెక్క చివర విరుపు

మిరిడ్‌ను పట్టించే అసలు గుర్తు ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ముందు రెక్కలో మందపాటి భాగం ముగిసి పల్చటి పొర మొదలయ్యే చోట, బయటి అంచు వైపు చూడండి. మిరిడ్లలో అక్కడ అంచు మీద చిన్న గంటు ఉంటుంది, కత్తెరతో కొంచెం కత్తిరించినట్టు. ఆ గంటుకూ పొరకూ మధ్య చిన్న త్రికోణపు ముక్క ఒకటి విడిగా తెలుస్తుంది. దాని పేరు క్యూనియస్. చాలా మిరిడ్లలో ఈ ముక్క రంగు మిగతా రెక్క కంటే వేరుగా, లేతగానో ఎర్రగానో, చివర నల్లచుక్కతోనో ఉంటుంది. రెక్క ఆ గంటు దగ్గరే కిందికి వంగుతుంది. పక్కనుంచి చూస్తే వీపు తిన్నగా వచ్చి, చివరి మూడో వంతులో ఠక్కున కిందికి విరిగినట్టు ఉంటుంది. మసక ఫోటోలో కూడా ఈ విరుపు తెలుస్తుంది. మిగతావేవీ కనిపించని ఫోటోల్లో నేను ఎన్నోసార్లు దీన్ని పట్టుకునే కుటుంబం దాకా వెళ్ళాను.

తర్వాత పొర మీద చూడండి. మిరిడ్ల పొరలో క్యూనియస్ పక్కనే, చుట్టూ నరాల గీతలతో మూసుకున్న గదులు ఒకటో రెండో ఉంటాయి, ఎక్కువగా ఒక పెద్దది, దాన్ని ఆనుకుని ఒక చిన్నది. పొర మీద నాలుగైదు నరాలు పొడవునా పరుచుకుని ఉంటే, క్యూనియస్ కూడా లేకపోతే, అది గింజల నల్లుల వైపు వెళుతుంది.

మూడో ఆధారం కళ్ళు. చాలా నల్లులకు రెండు పెద్ద కళ్ళ మధ్య, నడినెత్తి మీద గాజుపూసల్లా మెరిసే రెండు చిన్న కళ్ళు ఉంటాయి. మిరిడ్లకు, ఒక చిన్న ఉపకుటుంబం మినహా, ఇవి ఉండవు. ఫోటోలో ‘లేవు’ అని తేల్చడం మాత్రం కష్టం. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఉన్నట్టు స్పష్టంగా తెలిస్తే అప్పుడు మిరిడ్‌ను పక్కన పెట్టండి. అలా ముఖ్యంగా తేలేది ఓరియస్ లాంటి పైరేట్ నల్లులు. వాటికీ క్యూనియస్ ఉంటుంది, పరిమాణం కూడా 2, 3 మిల్లీమీటర్లే. కానీ నెత్తిన ఆ చిన్న కళ్ళు ఉంటాయి, పొర మీద మిరిడ్లలో కనిపించే గదులు ఉండవు. తామర పురుగులను తినే మేలు చేసే నల్లులవి. పొరపాటున చంపుకుంటే నష్టం మనకే.

డ్యామ్‌సెల్ నల్లులు కూడా సన్నగా గోధుమరంగులో ఉండి మోసం చేస్తాయి. వాటికి క్యూనియస్ ఉండదు, వేటను పట్టుకునే ముందు కాళ్ళు కాస్త లావుగా ఉంటాయి. కాయలు పీల్చే కంపు నల్లులు మరీ పెద్దవి, వాటి విషయంలో తికమక తక్కువ.

రెక్కలు లేకపోతే

ఫోటోలో రెక్కల బదులు భుజాల కింద చిన్న మొగ్గల్లాంటివి ఉంటే అది పిల్ల పురుగు. మిరిడ్లు గుడ్డు నుంచి వచ్చాక ఐదు దశలు దాటి పెద్దవవుతాయి. మొదటి దశల్లో ఆ మొగ్గలు కూడా ఉండవు, అందుకే పేనుబంకతో కలిసిపోతాయి. తేడా నడకలో తెలుస్తుంది. పేనుబంక కదలకుండా గుంపుగా అతుక్కుని ఉంటుంది. మిరిడ్ పిల్ల ఒంటరిగా చకచకా పరిగెత్తుతుంది. ఫోటోలో నడక కనిపించదు కాబట్టి, ఐదు సెకన్ల వీడియో కూడా తీసుకోమని నేను అందరికీ చెబుతాను.

పిల్ల పురుగు ఫోటోతో జాతి పేరు దాకా వెళ్ళాలని పట్టుబట్టకండి. అదే మొక్క మీద పెద్దవి ఉన్నాయేమో వెతకండి. పిల్లలు కనిపించడం వల్ల ఒక లాభం ఉంది: ఆ నల్లి ఆ మొక్క మీదే పెరుగుతోందని తెలుస్తుంది. పెద్దది ఒక్కటే కనిపిస్తే అది ఎగిరొచ్చి వాలిందో, అక్కడే తింటోందో చెప్పలేం.

ఇంకో మాట. ఒళ్ళంతా పాలిపోయి, తెల్లగా మెత్తగా కనిపించే పెద్ద నల్లి ఫోటో వస్తే అది కొత్త జాతి అనుకోకండి. అప్పుడే కుబుసం విడిచి ఉంటుంది. కొద్ది గంటల్లో రంగు ముదురుతుంది. పక్కనే ఖాళీ కుబుసం కనిపిస్తే సందేహం తీరినట్టే.

కుటుంబం తేలాక

ఇక ప్రజాతి, అంటే కుటుంబం లోపల దగ్గరి జాతుల గుంపు, దాని వైపు వెళ్ళడానికి ఫోటోలో దొరికే ఆధారాలు కొన్ని బాగా నమ్మదగినవి. స్క్యుటెల్లమ్ మీద గుండుసూది గుచ్చినట్టు నిలువుగా లేచి, చివర చిన్న ఉండ ఉన్న ముల్లు కనిపిస్తే అది హెలోపెల్టిస్, అంటే టీ దోమ. ఆ ముల్లుకోసమే పక్క ఫోటో కావాలి, పైనుంచి చూస్తే అది ఒట్టి చుక్కలా ఉంటుంది. స్క్యుటెల్లమ్ మీద లేత పసుపు రంగులో ‘V’ లాగో, హృదయం ఆకారంలోనో గుర్తు ఉండి ఒళ్ళు గోధుమ ఆకుపచ్చల కలగలుపుగా ఉంటే లైగస్‌ను అనుమానించవచ్చు. గడ్డి మీద సన్నగా పొడవుగా పచ్చగా ఉండి మీసాలు ఎర్రగా ఉంటే ట్రైగోనోటైలస్ వైపు చూడండి. 2, 3 మిల్లీమీటర్లే ఉండి, కాళ్ళ మీద ముళ్ళ మొదట్లో వరుసగా నల్లచుక్కలు ఉంటే కాంపిలోమా కావచ్చు. నల్లగా, రెండు మిల్లీమీటర్లు ఉండి, వెనక తొడలు లావుగా, ముట్టుకోబోతే గెంతేస్తే హాల్టికస్. దీని ఆడవాటిలో కొన్నిటికి రెక్కలు పొట్టిగా, గట్టిగా ఉంటాయి, చూడగానే పెంకు పురుగేమో అనిపిస్తుంది.

వరిలో తల, భుజాల దగ్గర నలుపు, రెక్కలు పచ్చగా ఉన్న మూడు మిల్లీమీటర్ల నల్లి కనిపిస్తే దాన్ని వదిలేయండి. అది సిర్టోరైనస్, సుడిదోమ గుడ్లను పీల్చేసే నేస్తం. టమాటా మీద దొరికే నెసిడియోకోరిస్ టెన్యూయిస్ కథ ఇంత తేలిక కాదు. తెల్లదోమనూ చిన్న గుడ్లనూ తింటుంది, తినడానికి అవి దొరకనప్పుడు లేత కాడల చుట్టూ గుచ్చి గోధుమరంగు ఉంగరాలు మిగులుస్తుంది. అందుకే దాని ఫోటోతో పాటు కాడ ఫోటో కూడా అడుగుతాను.

పొడవుల నిష్పత్తి కూడా బాగా పనికొస్తుంది. మిరిడ్ మీసంలో నాలుగు ముక్కలుంటాయి. ఎక్కువవాటిలో మొదటిది పొట్టిగా లావుగా, రెండోది అన్నిటికంటే పొడవుగా ఉంటుంది. గుర్తింపు పట్టికల్లో ‘మొదటి ముక్క తల వెడల్పు కంటే పొడవా, పొట్టా’ లాంటి ప్రశ్నలు తరచుగా ఎదురవుతాయి. దీనికి అసలు పరిమాణం తెలియాల్సిన పని లేదు. పైనుంచి తీసిన ఫోటోను పెద్దది చేసి, తెర మీదే స్కేలు పెట్టి రెండూ కొలిచి పోల్చండి. మీసం మీవైపు లేచి ఉంటే పొట్టిగా కనిపిస్తుంది, అలాంటి ఫోటోతో కొలవకండి.

ఒక ఫోటో, మొదటి నుంచి చివరిదాకా

ఒకసారి నా దగ్గరకు వచ్చిన ఫోటో చెబుతాను. కంది పువ్వు మీద లేత పచ్చ నల్లి. పంపినవాళ్ళు ‘వీపు మీద రెండు తెల్లచుక్కలు ఉన్నాయి, ఈ చుక్కలున్న జాతి ఏది’ అని అడిగారు. అంతకుముందే ఇంటర్నెట్‌లో చుక్కలున్న నల్లులన్నీ వెతికి అలసిపోయారు. అదే పురుగువి ఇంకేమైనా ఫోటోలు ఉన్నాయా అంటే, ‘బాగా రాలేదు’ అని పక్కన పెట్టిన మూడు పంపారు. వాటిలో ఒకదాంట్లో నల్లి కొంచెం పక్కకు తిరిగింది. చుక్కలు వీపు మీద వేరేచోటికి జరిగాయి! అంటే అవి మచ్చలు కావు, వెలుగు మెరుపులు. నిజమైన మచ్చ ఒంటితో పాటు కదులుతుంది, మెరుపు వెలుగు ఉన్న వైపే ఉండిపోతుంది.

చుక్కలు పోయాక మిగిలినవి చూశాను. ఆరు కాళ్ళు, ‘X’ ఆకారం, భుజాల మధ్య త్రికోణం ఉన్నాయి, కాబట్టి నల్లి. రెక్క చివర విరుపు స్పష్టంగా ఉంది, పొర మీద రెండు గదుల్లో పెద్దది కనిపిస్తోంది. మిరిడ్, పూర్తిగా పెరిగింది. పక్కన పువ్వు రేక ఉంది కానీ కొలత లేదు. స్క్యుటెల్లమ్ మీద గుర్తేమీ లేదు, కాళ్ళ మీద చుక్కలు ఉన్నాయో లేవో చెప్పలేనంత మసక. నేను ‘మిరిడ్, పెద్ద పురుగు, కంది పువ్వు మీద’ అని రాసి అక్కడే ఆగాను. వాళ్ళకు కాస్త నిరాశగానే అనిపించింది. కానీ ఆ మూడు మాటలూ నిజం. జాతి పేరు ఏదో ఒకటి చెప్పి ఉంటే ఆ పేరు పట్టుకుని మందు కొట్టేవారు, అది పచ్చగా ఉన్న వేటగాడి నల్లి అయినా సరే.

ఎక్కడ ఆగాలో తెలియడం ఈ పనిలో అన్నిటికంటే కష్టం. మిరిడ్లలో చాలా జాతులను మగ పురుగు జననాంగాల ఆకారం చూస్తే తప్ప విడదీయలేం, అదీ మైక్రోస్కోపు కింద. లైగస్‌లో జాతులు ఒకదానికొకటి అంత దగ్గరగా ఉంటాయి. ఉపకుటుంబాలను విడదీసే ఆధారాలు కూడా ఎక్కువగా కాలిగోళ్ళ చివర ఉండే సూక్ష్మ భాగాల్లో ఉంటాయి, ఏ ఫోన్ ఫోటోలోనూ అవి దొరకవు. దానికి తోడు ఒకే జాతిలో మగది నల్లగా ఆడది గోధుమరంగులో ఉండవచ్చు, వానాకాలంలో పచ్చగా ఉన్నది చలికాలానికి గోధుమరంగు తిరగవచ్చు. రంగు ఒక్కటే కుదిరింది కదా అని పేరు పెట్టేయకండి.

యాప్ చెప్పిన పేరు

ఫోటో పెట్టగానే పేరు సూచించే యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి. నేనూ వాడతాను. అవి మొదట చూపించే పేరును ఆరంభంగా తీసుకోండి. ఆ పేరుతో ఉన్న ఇతర ఫోటోలు తెరిచి రెక్క విరుపు, స్క్యుటెల్లమ్, మీసాల నిష్పత్తి, మొక్క, ప్రాంతం ఒక్కొక్కటిగా సరిచూడండి. ఆ జాతి మీ ఖండంలోనే లేదని తేలడం తరచుగా జరిగేదే. ఐదు సూచనలూ ఐదు వేర్వేరు ప్రజాతులు అయితే, కుటుంబం దగ్గర ఆగమని యాప్ చెప్పకనే చెబుతోందని అర్థం.

వేరేవాళ్ళకు పంపేటప్పుడు కత్తిరించని అసలు ఫోటో కూడా పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, తేదీ, చోటు లాంటి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. ఎడిటింగ్‌లో షార్ప్ చేయకండి. ఫోన్ తనంతట తాను గీసిన గీతలు రెక్క నరాల్లా కనిపించి చూసేవాళ్ళను తప్పుదోవ పట్టిస్తాయి. తేదీ, ఊరు లేదా ప్రాంతం, మొక్క పేరు, మిల్లీమీటర్లలో పొడవు, ఒకటే ఉందా గుంపుగా ఉన్నాయా, ఆకు మీదా పువ్వు మీదా, ఇవి రెండు లైన్లలో రాయండి. మొక్క పేరు తెలియకపోతే ఊహించి రాయకుండా ఆకు, పువ్వు ఫోటో పెట్టండి.

అంతగా పేరు తేల్చుకోవలసిన అవసరం ఉంటే, ఉదాహరణకు పంట మొత్తం దెబ్బతింటుంటే, ఫోటోతో సరిపెట్టుకోవద్దు. కొమ్మ కింద తెల్ల పళ్ళెం పట్టి కొమ్మను రెండు మూడుసార్లు గట్టిగా తట్టండి, నల్లులు పళ్ళెంలో రాలతాయి. ఆడా మగా రెండూ ఉండేలా ఐదారింటిని 70 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేయండి. ఆల్కహాల్‌లో పచ్చరంగు వెలిసిపోతుంది కాబట్టి ముందే ఫోటో తీసి ఉంచుకోండి. తేదీ, చోటు, మొక్క పేరు చిన్న కాగితం ముక్క మీద రాసి సీసా లోపలే వేయండి. పెన్నుతో కాకుండా పెన్సిల్‌తో రాయండి, సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.